గృహవ్యవహారములు: ఉత్తరము క్రింది బొమ్మ



ఉత్తరమునకు ఆరంభమెంత ముఖ్యమో ముగింపును అంత ముఖ్యము. పెద్దలకు వ్రాయు జాబున తొలుత నమస్కారములును, నడుమ ఉభయకుశలోపరియు, తుదను ‘ఇట్లు’ అని తన పేరును వ్రాయుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న మర్యాద. కాగితమునకు మారుగా ఈమెయిలు వచ్చినను ఆ మర్యాద పోలేదు. ప్రతిసారియు పేరు వ్రాయ నక్కరలేకుండ, ఒక్కమారు వ్రాసి యుంచినచో ప్రతి యుత్తరము క్రిందను దానంతట అదియే వచ్చి చేరునట్టి యేర్పాటొకటి ఈమెయిలునందు కలదు. దానినే సిగ్నేచరు, అనగా సంతకము, అందురు. ఈ సంతకమున పేరుతోబాటు చిన్న బొమ్మను గూడ చేర్చవచ్చును. ఆ బొమ్మ నెట్లు చేర్చవలెను, ఎట్టిది చేర్చవలెను, దానిని ఎంతవరకు నమ్మవలెను అను మూడు విషయములను ఈ మాసము ముచ్చటింతము.

ఇది వట్టి అలంకారము గదా, దీనికింత చర్చ యేల యని కొందరనవచ్చును. నేడు విజయవాడయందును, కృష్ణా డెల్టాలోని పట్టణములయందును, పల్లెలయందును ఎందరో గృహిణులు ఇంటిపట్టుననే యుండి వ్యాపారము సాగించుచున్నారు. ఒకరు ఆవకాయయు పొడులును పంపుదురు. ఒకరు చీరలు, వేరొకరు పెడన అద్దకపు గుడ్డలు, మరొకరు కొండపల్లి బొమ్మలు పంపుదురు. ఇంకొకరు దూరదేశమున నున్న బాలికలకు సంగీతమో నాట్యమో నేర్పుదురు. కొనువారు మన యిల్లు చూడలేదు, మన ముఖమును చూడలేదు. వారికి మన యుత్తరమే మన వాకిలి. వాకిట ముగ్గున్న యింటిని చూచినపుడు లోపల శ్రద్ధగల యిల్లాలున్నదని తెలియునట్లు, ఉత్తరము క్రిందనున్న నాలుగు పంక్తులను బట్టి ఆ మనిషి పనిలోని శ్రద్ధ తెలియును.

పేరు ఎవరిది?

బొమ్మకంటె ముందుగా చెప్పవలసిన మాట యొకటి యున్నది. పెక్కు యిండ్లలో పని స్త్రీది, ఈమెయిలు మాత్రము భర్తదో కుమారునిదో యగుచున్నది. సరకు చేయునది ఆమె, వెల కట్టునది ఆమె, తప్పొప్పులకు బదులు చెప్పునది ఆమె. జాబు క్రింద పేరు వేరొకరిది. ఇంటిలో అందరును ఒక్కటే యని మనము సరిపెట్టుకొందుము. కాని కుమారునకు ఉద్యోగము వచ్చి దూరమైననాడు, కొనువారి చిరునామాలు, పాత యుత్తరములు, బాకీల వివరములు అన్నియు అతని పెట్టెలోనే యుండిపోవును. కొనువారికిని ఆమె పేరు తెలియదు. పదియేండ్ల కష్టమునకు గుర్తుగా ఒక్క అక్షరమైనను ఆమె పేర మిగులదు. కావున మొదట తన పేర ఒక ఈమెయిలు చిరునామాను ఏర్పరచుకొని, దాని రహస్యపదమును తన యధీనమున ఉంచుకొనవలెను. బొమ్మ సంగతి ఆ పిమ్మటిది.

మన సీమలో పూర్వపు ముద్రలు

ఉత్తరమునకు బొమ్మను జేర్చుట క్రొత్త యాచారము గాదు. ఏలూరు చెంతనున్న పెదవేగి ప్రాంతమున, 7వ శతాబ్దమున మొదలైన వేంగీ చాళుక్యుల రాజ్యమున, దానశాసనములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను ఒక కడియమునకు గ్రుచ్చి, కడియపు కొనలు కలిసినచోట గుండ్రని ముద్రను అతికించెడివారు. ఆ రాజుల ముద్రలపై వరాహమును, సూర్యచంద్రులును, అంకుశమును, పద్మమును గానవచ్చును. చదువురాని రైతునకు గూడ వరాహమును చూడగనే యిది రాజుగారి శాసనమని తెలిసెడిది. అయితే ఆ ముద్రలో బొమ్మ లొక్కటే యుండెడివి కావు. నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను అక్షరములును ఉండెడివి. రాజంతటివాడును బొమ్మను మాత్రము నమ్మి అక్షరములను మానలేదు. ఈ సంగతిని సోదరీమణులు జ్ఞాపక ముంచుకొందురు గాక; మరల దీనితో పనియున్నది.

తరువాతి కాలమున మచిలీపట్టణమున 1605వ సంవత్సరమున డచ్చివారును, 1611వ సంవత్సరమున ఇంగ్లీషువారును వచ్చి దిగిరి. వారు కొని యోడల కెత్తిన వస్తువులలో మన చోళమండల తీరపు అద్దకపు గుడ్డలు ముఖ్యములు. డచ్చి కంపెనీ తన పేరులోని మూడు తొలి యక్షరములను పెనవైచి చేసిన గుర్తు, అట్టి పాత గుడ్డలపై నేటికిని ప్రదర్శనశాలలలో కానవచ్చుచున్నది. ఆ యద్దకము చేసిన చేతుల పేరు మాత్రము ఏ గుడ్డపైనను లేదు. కొన్నవాని గుర్తు నిలిచినది. చేసినవారి గుర్తు నిలువలేదు. నేటి యుత్తరమున మన పేరును, మన గుర్తును మనమే పెట్టుకొనగల యవకాశము కలిగినదన్నచో అది చిన్న విషయము కాదు.

ఇంటి మర్యాదలలోను ఇట్టి గుర్తులు కలవు. శుభలేఖ నాలుగు మూలలను పసుపు పూయుట యెందులకు? విప్పక మునుపే శుభవార్త యని తెలియుటకు. అక్షరము రానివారు పత్రము మీద వేలిముద్రయో, నిశానియో పెట్టిననాడు, ఆ ముద్ర ఫలానివారిదని ప్రక్కన అక్షరములలో మరియొకరు వ్రాసెడివారు. ఇక్కడను గుర్తునకు అక్షరము తోడుగా నుండుట గమనింపదగినది.

ఈమెయిలునకు బొమ్మ యెట్లు వచ్చినది?

తొలినాళ్లలో ఈమెయిలునందు ఆంగ్లాక్షరములు తప్ప వేరేమియు పోయెడివి కావు. ముచ్చటపడినవారు చుక్కలు, గీతలు, అక్షరములు పేర్చి, ముగ్గు పెట్టినట్లు బొమ్మలు కట్టి సంతకము క్రింద ఉంచెడివారు. సంతకము నాలుగు పంక్తులకు మించరాదని ఆనాటి పెద్దలు నియమము పెట్టుకొనిరి. నతానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అను ఇరువురు, ఉత్తరములో బొమ్మలను, ధ్వనులను, ఇతర భాషల లిపులను గూడ పంపుటకు వీలగు మైమ్ అను పద్ధతిని రూపొందించిరి. 1992వ సంవత్సరము మార్చి 11వ తేదీన బోరెన్‌స్టైను తన గాయకమిత్రుల చిత్రమును, వారి పాటను చేర్చి ఒక యుత్తరము పంపెను. నేడు మనము పంపు ప్రతి బొమ్మయు ఆ బాటనే నడచుచున్నది.

1996వ సంవత్సరము జూలై 4వ తేదీన మన దేశస్థుడగు సబీర్ భాటియాయును, ఆయన మిత్రుడు జాక్ స్మిత్తును అమెరికాలో హాట్‌మెయిలును స్థాపించిరి. దానితో ఏ కంప్యూటరునుండి యైనను ఈమెయిలు చూచుకొను సౌకర్యము వ్యాపించెను. తమ మెయిలునుండి పోవు ప్రతి యుత్తరము క్రిందను, మీరును ఉచితముగా ఒక చిరునామా పొందవచ్చునను పంక్తిని వారు చేర్చిరి. వేరు ప్రకటనలపై పెద్దగా ధనము వెచ్చింపకయే ఆ యొక్క పంక్తివలన లక్షలకొలది జనులు చేరిరి. మరుసటి యేడు తుదను మైక్రోసాఫ్టు కంపెనీ దానిని కొనివేసెను. ఉత్తరము క్రింది భాగమునకు ఎంత బలమున్నదో దీనివలన తెలియుచున్నది. ఇప్పుడు మనలో పెక్కుమంది వాడుచున్న జీమెయిలు 2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మొదలైనది.

బొమ్మను సిద్ధము చేసికొనుట

పెడనలో అద్దకపు దుప్పట్లు, చీరలు అమ్మించు గృహిణి యొకతె యున్నదనుకొందము. ఆమెకు బొమ్మను వెదకుకొన నక్కరలేదు. తాను వాడు చెక్క అచ్చులలో తనకు నచ్చిన పువ్వునో, లతనో, నెమలినో ఒక తెల్లకాగితముపై ఒక్కమారు అద్ది, పగటి వెలుతురున పైనుండి తిన్నగా ఫొటో తీసికొన్నచో చాలును. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. మన మచిలీపట్టణపు పద్ధతిలో అచ్చులతో అద్దుదురు. ఆ అచ్చు గుర్తే ఆమె పనియొక్క స్వరూపమును తెలుపును. తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేయు కొండపల్లి గృహమైనచో, ఎడ్లబండియో, తాటిచెట్టెక్కు మనిషియో చక్కగా నుండును. ఆవకాయ యమ్మువారికి జాడీ బొమ్మ చాలును. తన చేతితో వేసినదియో, తన వస్తువును తాను తీసినదియో అయిన బొమ్మకు సాటిలేదు. ఇతరులు తీసిన చిత్రమును తెచ్చి పెట్టుకొనుట ఇతరుల సొత్తు వాడుకొనుటయే. దానివలన చిక్కులును కలుగవచ్చును.

కొలతను గూర్చి రెండు మాటలు. బొమ్మలన్నియు పిక్సెళ్లు అను చుక్కలతో ఏర్పడును. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఫొటో అడ్డముగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుండిన, మొత్తము 1,20,00,000 చుక్కలు. సంతకమునకు అడ్డము 300, నిలువు 100 చుక్కలు చాలును. అనగా 30,000 మాత్రమే. నాలుగువందల రెట్లు తక్కువ. పెద్ద ఫొటోను అట్లే పెట్టినచో చదువువారి తెర యంతయు బొమ్మయే యగును. ఉత్తరము పెండ్లిపందిరిలో తప్పిపోయిన పిల్లవలె ఎక్కడనో చిక్కుకొనును. ఫోనులోనే ఫొటోను కత్తిరించుటకును, చిన్నది చేయుటకును సాధనములు కలవు. గీతలును, చదునైన రంగులును గల బొమ్మను పీఎన్‌జీ రూపమునను, ఫొటోను జేపెగ్ రూపమునను భద్రపరచుట మేలు. జేపెగ్ రూపమున సన్నని గీతల అంచులు మసకబారును.

వెనుకభాగము లేని పారదర్శకపు బొమ్మలను కొందరు కోరుదురు. కాని రాత్రివేళ కన్నులకు హాయిగా నుండునని ఫోను తెరను నల్లగా మార్చుకొనువారు పెక్కురు. అట్టి తెరపై నల్లగీతల పారదర్శకపు బొమ్మ అమావాస్యనాటి కాకివలె కనబడక పోవును. కావున బొమ్మ వెనుక తెల్లని నేలను ఉంచుటయే క్షేమము.

చేర్చు విధానము

జీమెయిలునందు చేయవలసిన క్రమ మిది. ఇది కంప్యూటరుపై చేయదగిన పని. సెల్‌ఫోనులోని జీమెయిలు యాప్‌నందు వ్రాసికొను సంతకమునకు అక్షరములే గాని బొమ్మ కుదరదు. ఇంట కంప్యూటరు లేనివారు పిల్లలదానిపైనో, ఇరుగుపొరుగు వారిదానిపైనో ఒక్కమారు చేసికొనినచో చాలును. పని ముగిసిన వెంటనే ఆ కంప్యూటరునుండి తమ ఖాతాను తప్పక మూసివేయవలెను.

మొదట జీమెయిలును తెరచి, కుడివైపు పైమూలనున్న పండ్లచక్రపు గుర్తును నొక్కవలెను. ‘సీ ఆల్ సెట్టింగ్స్’ అను మాట కనబడును, దానిని నొక్కవలెను. వచ్చిన పుటలో ‘జనరల్’ అను మొదటి భాగముననే క్రిందికి పోగా ‘సిగ్నేచర్’ అను శీర్షిక యుండును. అచట ‘క్రియేట్ న్యూ’ అనుదానిని నొక్కి, ఆ సంతకమునకు మనకు తెలియుటకై ‘వ్యాపారము’ అనియో ‘ఇల్లు’ అనియో ఒక పేరు పెట్టవలెను. ప్రక్కన ఒక పెట్టె తెరచుకొనును. అందు మొదట పేరు, ఆ క్రింది పంక్తిలో పని, దాని క్రింద ఊరు వ్రాయవలెను.

తరువాత మరియొక పంక్తికి దిగి, ఆ పెట్టె యడుగున నున్న గుర్తుల వరుసలో కొండ బొమ్మ గల చిన్న చతురమును నొక్కవలెను. అది బొమ్మ చేర్చు గుర్తు. ‘అప్‌లోడ్’ అనుదానిని ఎన్నుకొని, సిద్ధము చేసిన బొమ్మను చూపినచో అది వచ్చి చేరును. చేరిన బొమ్మపై నొక్కగా చిన్నది, మధ్యమము, పెద్దది, అసలు కొలత అని నాలుగు పరిమాణములు కనబడును; చిన్నదానిని ఎన్నుకొనుట మంచిది. ఆ పిమ్మట ‘సిగ్నేచర్ డిఫాల్ట్స్’ అనుచోట క్రొత్త యుత్తరములకు ఏ సంతకము, ప్రత్యుత్తరములకు ఏ సంతకము అని వేర్వేరుగా నిర్ణయింపవచ్చును. కట్టకడపట పుట యడుగునకు పోయి ‘సేవ్ ఛేంజెస్’ అనుదానిని నొక్కవలెను. ఇది మరచినచో చేసిన శ్రమయంతయు వృథా. ఔట్‌లుక్కు వాడువారికిని సెట్టింగులలో సంతకముల భాగమున ఇట్టి పెట్టెయు, ఇట్టి బొమ్మగుర్తును ఉండును.

‘అప్‌లోడ్’ గాక డ్రైవు అను నిలువచోటినుండి బొమ్మను తెచ్చిపెట్టువారు ఒక సంగతి గమనింపవలెను. అచట ఆ బొమ్మను అందరును చూడవచ్చునని అనుమతి యియ్యనిచో, మనకు మాత్రము చక్కగా కనబడుచు, ఎదుటివారికి ఖాళీ గడి కనబడును. మన కంటికి కనబడుచున్నది గదా యని ఏండ్ల తరబడి తెలియకయే యుండవచ్చును. కావున సంతకము సిద్ధమైన వెంటనే వేరొక సంస్థ మెయిలు వాడు చెల్లెలికో, మేనకోడలికో ఒక యుత్తరము పంపి, ఫోనునందును కంప్యూటరునందును ఎట్లు కనబడుచున్నదో యడిగి తెలిసికొనవలెను.

ప్రత్యుత్తరములకు బొమ్మలేని పొట్టి సంతకమును ఉంచుట మేలు. పదిమారులు మాటలు నడచిన యుత్తరమున పది జాడీలు వరుసగా నిలిచినచో చదువువారికి విసుగు పుట్టును.

మరియొక మర్యాద కలదు. ఎవరింటనైనను కీడు జరిగినపుడు వ్రాయు పరామర్శజాబు క్రింద ‘మా యూరగాయలు కొనుడు’ అను బొమ్మ పోవుట ఎంత యనుచితమో చెప్పనక్కరలేదు. యంత్రమునకు శుభాశుభములు తెలియవు గదా! ఉత్తరము వ్రాయు గడి యడుగున కలము గుర్తు కలదు. దానిని నొక్కి ‘నో సిగ్నేచర్’ అని యెన్నుకొన్నచో ఆ యొక్క యుత్తరమునకు సంతకము తొలగిపోవును. అట్టివేళ పేరును స్వయముగా వ్రాయుడు.

అక్షరమే ఆధారము

ఇక ముఖ్యమైన మాట. తీర్చిదిద్దిన సంతకము నంతటిని, పేరు, ఊరు, ఫోను సంఖ్యలతో సహా, ఒక్క బొమ్మగా చేయించి పెట్టుకొనువారున్నారు. అది చూచుటకు సొగసుగా నుండును. కాని మెయిలు పెట్టెలు అన్నియు బొమ్మలను వెంటనే చూపవు. కంటికి కనబడనంత చిన్న బొమ్మను ఉత్తరమున దాచి, ఎవరు ఎప్పుడు తెరచిరో కనిపెట్టు మాయ యొకటి వ్యాపారులలో కలదు. అందువలన కొన్ని మెయిళ్లు బయటినుండి తేవలసిన బొమ్మలను, చదువువారు అనుమతించువరకు ఆపియుంచును. జీమెయిలు 2013వ సంవత్సరము డిసెంబరునుండి బొమ్మలను తన యంత్రముల ద్వారా తెప్పించి వెంటనే చూపుచున్నది. ఔట్‌లుక్కు వంటివానిలో ఆపుట నేటికిని కలదు. అట్టిచోట పేరంతయు బొమ్మలోనే యున్నచో మన యుత్తరము ఆకాశరామన్న యుత్తరమగును. చూపులేనివారికై ఉత్తరమును చదివి వినిపించు సాధనములు గూడ అక్షరములనే చదువును. బొమ్మలోని పేరు వాటికి అందదు.

ఇంకొక నష్టమును గలదు. 2022వ సంవత్సరమున మన రాష్ట్రమున జిల్లాలను విభజించిరి. విజయవాడయు కొండపల్లియు ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినవి, మచిలీపట్టణమును పెడనయు కృష్ణా జిల్లాలో నిలిచినవి. చిరునామాను అక్షరములలో వ్రాసికొనినవారికి జిల్లా పేరు మార్చుట ఒక్క నిమిషపు పని. బొమ్మలో చెక్కించుకొన్నవారికి మరల బొమ్మ చేయించుకొను పని. ఫోను సంఖ్య మారినను ఇంతియే.

తెలుగు పేరును తెలుగున వ్రాసినచో ఎదుటివారికి కనబడదేమో యని భయపడి దానిని బొమ్మగా పెట్టుకొనుట ఒకప్పుడు అవసరమై యుండెను. ఒకరి కంప్యూటరులోని తెలుగక్షరములు మరియొకరి దానిలో పిచ్చిగీతలుగా మారిన దినము లుండెను. 1991వ సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగు చేరినది. ఆ పద్ధతి క్రమముగా అన్ని యంత్రములకును వ్యాపించినందున నేడు తెలుగక్షరములు లోకమంతటను తెలుగక్షరములుగనే కనబడుచున్నవి. కావున మన పేరును ఒక పంక్తిని తెలుగునను, మరియొక పంక్తిని ఇంగ్లీషునను నిస్సంకోచముగా వ్రాసికొనవచ్చును.

పెట్టగూడనివి

చేవ్రాలును కాగితముపై చేసి, దాని ఫొటోను సంతకమున పెట్టుట అందముగా నుండునని కొందరు భావింతురు. ఇది కూడదు. బ్యాంకునందును, దస్తావేజులపైనను మనము చేయు సంతకమును మనమే నలుగురికి పంచిపెట్టినట్లగును. దొంగబుద్ధి గలవాడు దానిని కత్తిరించి మరియొక కాగితముపై అతికింపగలడు. పైగా చట్టమునందు దానికి ప్రత్యేక బలమును లేదు. మన దేశపు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున ‘డిజిటల్ సంతకము’ అనబడునది గణితపు తాళముల జంటతో యంత్రము చేయు గుర్తు. చేవ్రాలు ఫొటో కాదు.

నాలుగు సింహముల రాజచిహ్నమును ప్రభుత్వాధికారము లేనివారు వాడుట 2005వ సంవత్సరపు చట్టముచే నిషేధింపబడినది. దానికి రెండేండ్ల వరకు ఖైదును విధింపవచ్చును. జాతీయపతాక విషయమునను జాగ్రత్త వలయును. మచిలీపట్టణము చెంత భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్యగారు 1921వ సంవత్సరమున బెజవాడలోనే గాంధీజీకి జెండా నమూనాను సమర్పించిరని మనకు గర్వము గలదు. ఆ గర్వమునకు మన గుండెలో చోటు కలదు గాని మన యూరగాయల యుత్తరము క్రింద లేదు. అనుమతిలేక వ్యాపారమునకు పతాకమును వాడుకొనుట 1950వ సంవత్సరపు చిహ్నముల చట్టము ప్రకారము నిషిద్ధము.

పిల్లల ఫొటోలు, ఇంటి డోరు సంఖ్య, ఇంటిముందు నిలుచున్న చిత్రము సంతకమున పెట్టకుడు. మన యుత్తరమును అందుకొన్నవారు దానిని మరియెవరికి పంపుదురో మన కెరుక లేదు. తన ముఖచిత్రమును పెట్టుకొనుట పెట్టుకొనకపోవుట ఎవరి యిష్టము వారిది. సరకు అమ్ముటకు అది యావశ్యకము మాత్రము గాదు.

బొమ్మ ప్రమాణము కాదు

ఇంతవరకు మనము పంపు బొమ్మను గూర్చి చెప్పుకొంటిమి. మనకు వచ్చు బొమ్మను గూర్చి చెప్పక ముగించుట న్యాయము కాదు. పైన వ్రాసిన క్రమమును చదివిన సోదరీమణులు ఒక సంగతిని గ్రహించియుందురు: ఏ బొమ్మనైనను ఎవరైనను ఎవరి యుత్తరము క్రిందనైనను పెట్టవచ్చును. యంత్రము అడ్డు చెప్పదు. వేంగిరాజుల ముద్రను చేయుటకు శిల్పి కావలెను, లోహము కావలెను. నేటి ముద్రను దొంగిలించుటకు రెండు నొక్కులు చాలును.

కావున బ్యాంకు గుర్తును, విద్యుచ్ఛాఖ గుర్తును, పోలీసు గుర్తును, నాలుగు సింహములును క్రింద మెరయుచున్నంత మాత్రమున ఆ యుత్తరమును నమ్మరాదు. ‘మీ ఖాతా నేటి సాయంత్రముతో నిలిచిపోవును, ఈ లంకెను నొక్కుడు’ అని తొందరపెట్టు ఉత్తరములకు సామాన్యముగా గుర్తులు మహా నిండుగా నుండును. అట్టివేళ బొమ్మను గాక, పంపినవారి ఈమెయిలు చిరునామాను అక్షరమక్షరముగా చదువవలెను. అది సరిగా కనబడినను తొందరపడరాదు. ఉత్తరములోని సంఖ్యకు గాక, పాసుపుస్తకముపైనో బిల్లుపైనో నున్న సంఖ్యకు మనమే ఫోను చేసి విచారింపవలెను. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి ఇంటిలో దాచిపెట్టక, ఆ క్షణముననే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. మోసపోయినందుకు తిట్టుదురేమో యను భయముతో జాగుచేసిన ప్రతి గడియయు మోసగానికే లాభము. ఇంటిలోని పురుషులును అట్టివేళ గద్దింపక తోడుపడుట వారి ధర్మము.

చూడగా ఈ రెండు సంగతులకును మూలమొక్కటే. మనము పంపునపుడు బొమ్మ పేరునకు తోడుగా నుండవలెను గాని పేరునకు మారుగా నుండరాదు. మనకు వచ్చినపుడు బొమ్మను చూచి సంతోషింపవచ్చును గాని అక్షరమును చూచియే నమ్మవలెను. ‘శ్రీ త్రిభువనాంకుశ’ యని వరాహముతోబాటు చెక్కించినవారి వివేకమును ఇదియే.

సంతకమునకు నేను సూచించు కొలత యిది: మొదటి పంక్తి మీ పేరు, రెండవది మీ పని, మూడవది ఊరును జిల్లాయును, నాలుగవది వ్యాపారపు ఫోను సంఖ్య, దాని క్రింద మీ చేతి పనిని తెలుపు చిన్న బొమ్మ. నాలుగు పంక్తుల పాత నియమము నేటికిని పనికివచ్చునదే. పండుగకు ముందు తీరిక దొరికిన మధ్యాహ్నమున అరగంట వెచ్చించినచో ఈ పని ముగియును. పేరును వ్రాయునపుడు మాత్రము ‘ఫలానివారి భార్య’ యనియు, ‘ఫలానివారి తల్లి’ యనియు వ్రాసి యూరకుండక, పుట్టిననాడు పెద్దలు ప్రేమతో పెట్టిన మీ పేరును నిండుగా వ్రాయుడు. మీ పనికి పేరు రావలెనన్న, ముందు మీ పేరు అచట నుండవలెను గదా!